మీ ఊరి ఫైర్ కంపెనీలో వాలంటీర్ ఈఎంటీగా చేరడం ఎలా?

వారాంతంలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా నా నడుముకున్న పేజర్ దగ్గరే మాట మొదలవుతుంది. "ఇదేంటండీ, ఇంకా వీటిని వాడుతున్నారా?" అని ఎవరో నవ్వుతారు. ఊరి ఫైర్ కంపెనీ అంబులెన్స్‌లో వాలంటీర్ ఈఎంటీనని, కాల్ వస్తే ఇదే మోగుతుందని చెప్పగానే ప్రశ్నలు వరస కడతాయి. జీతం ఇస్తారా? మెడిసిన్ చదివి ఉండాలా? హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు చేయొచ్చా? అదే వరసలో జవాబులు: ఇవ్వరు. అక్కర్లేదు. చాలామంది చేయొచ్చు, కానీ కింద రెండో మెట్టు చదవకుండా దరఖాస్తు మాత్రం పెట్టకండి.

నేనుండేది పెన్సిల్వేనియాలో. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, వారానికో రాత్రి అంబులెన్స్. ఇక్కడ రాసేదంతా ఇక్కడి పద్ధతే. న్యూజెర్సీ, డెలావేర్, మేరీల్యాండ్‌లలో ఉన్నవాళ్లకు చాలావరకు పనికొస్తుంది. పెద్ద నగరాల్లో ఉన్నవాళ్లకు అంతగా పనికిరాదు. అక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ జీతం మీద పనిచేసేవాళ్లే.

ముందు "కంపెనీ" అన్న మాట గురించి. మన చెవికి అది వ్యాపార సంస్థలా వినిపిస్తుంది. నిజానికి ఇది సంఘం. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఇరుగుపొరుగుతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టుకున్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్లు ఆ పద్ధతినే, ఆ పేరునే ఇప్పటికీ వాడుతున్నాయి. లెక్కలూ మీటింగులూ చూసుకోవడానికి ప్రెసిడెంటు ఉంటారు, కాల్స్ నడపడానికి చీఫ్ ఉంటారు. ఆదివారం పొద్దున పాన్‌కేకులు అమ్మి బండికి టైర్లు కొంటారు. ఇక ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) అంటే మన 108 బండిలో పేషెంటు పక్కన కూర్చుని చూసుకునే మనిషి లాంటివాళ్లే. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటినుంచీ అక్కడ అది ఉద్యోగం. ఇక్కడి చిన్న ఊళ్లలో ఆ పనే ప్లంబర్లు, టీచర్లు, మనలాంటి కంప్యూటర్ వాళ్లు ఖాళీ వేళల్లో చేస్తారు.

కావలసినవి

– వయసు. పెన్సిల్వేనియాలో 16 ఏళ్లు నిండితే ఈఎంటీ సర్టిఫికెట్‌కు అర్హత ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 18 నిండాలి.
– డ్రైవింగ్ లైసెన్సు, పెద్దగా మచ్చల్లేని డ్రైవింగ్ రికార్డు.
– ఒళ్లు సహకరించాలి. ఒక్కరే 125 పౌండ్లు, ఇంకొకరి సాయంతో 250 పౌండ్లు ఎత్తగలగాలి అన్నది ఈఎంటీ ఉద్యోగ వివరణల్లో తరచూ కనిపించే లెక్క. మెట్ల మీంచి మనిషిని దింపిన రోజు ఆ లెక్క ఎందుకో తెలుస్తుంది.
– టీకాల కాగితాలు. లేకపోతే ఏం చేయాలో నాలుగో మెట్టులో చెప్తాను.
– సమయం. కోర్సు నడిచినన్నాళ్లు వారానికి రెండు సాయంత్రాలు, కొన్ని శనివారాలు. ఆ తర్వాత వారానికో షిఫ్టు.
– సెకన్ల ముల్లున్న మామూలు వాచీ, సొంత స్టెతస్కోపు, నల్ల బూట్లు. మిగతావి కంపెనీయే ఇస్తుంది. ఇంకా సర్టిఫికెట్ రాకుండానే నడుముకు కత్తెరలూ టార్చిలైట్లూ తగిలించుకుని తిరగకండి, స్టేషన్లో నవ్వుతారు.

1. మీ ఇంటికి అంబులెన్స్ ఎక్కణ్నుంచి వస్తుందో కనుక్కోండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. నేనూ దాటేశాను. ఇంటికి దగ్గరగా ఉన్న స్టేషన్‌కి దరఖాస్తు పంపి మూడు వారాలు ఎదురుచూశాక తెలిసింది, వాళ్ల దగ్గర మంటలార్పే బండ్లే తప్ప అంబులెన్సే లేదని. కొన్ని ఊళ్లలో ఫైర్ కంపెనీయే అంబులెన్స్ నడుపుతుంది. కొన్నిచోట్ల వేరే సంస్థ నడుపుతుంది. న్యూజెర్సీలోనైతే చాలా ఊళ్లలో ఫస్ట్ ఎయిడ్ స్క్వాడ్, రెస్క్యూ స్క్వాడ్ అని వేరే పేర్లతో ఉంటాయి. టౌన్‌షిప్ (మన పంచాయతీ లాంటి స్థానిక ప్రభుత్వం) వెబ్‌సైటులో ఈ వివరం ఉంటుంది. లేకపోతే టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేయండి. 911కి మాత్రం చేయకండి. (ఈ మాట రాయాల్సి రావడం వింతే, కానీ ఒకాయన చేశాడు.)

అన్నిటికన్నా మంచిది డ్రిల్ జరిగే రోజు సాయంత్రం నేరుగా స్టేషన్‌కి వెళ్లడం. వారంలో ఒక రోజు అందరూ ప్రాక్టీసుకి వస్తారు. షెడ్డు తలుపులు తెరిచి ఉంటాయి. వెళ్లి ఇవి అడగండి:

– అంబులెన్స్‌లో పారామెడిక్ (ఈఎంటీ కన్నా పై స్థాయి శిక్షణ ఉన్నవాళ్లు) ఉంటారా, ఈఎంటీలే ఉంటారా?
– పగటి షిఫ్టులకి జీతం మీద పనిచేసేవాళ్లున్నారా? (చాలాచోట్ల ఉంటారు. రాత్రులు, వారాంతాలు వాలంటీర్లవి.)
– కోర్సు ఫీజు కంపెనీ కడుతుందా? కడితే ఎన్నాళ్లు ఉండాలని షరతు?
– నెలకి కనీసం ఎన్ని గంటలు చేయాలి?

2. వీసా సంగతి ముందే తేల్చుకోండి

గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్నవాళ్లు ఈ మెట్టు వదిలేయొచ్చు.

వీసా మీద ఉన్నవాళ్లకు మూల సూత్రం చిన్నదే. నిజంగా వాలంటీరుగా, పైసా ప్రతిఫలం లేకుండా, ప్రజాసేవగా చేస్తే సాధారణంగా అది ఉద్యోగం కిందికి రాదు. చిక్కంతా ప్రతిఫలం దగ్గరే. మనం డబ్బు అనుకోనివి కూడా డబ్బే అవుతాయి. కాల్‌కి ఇంత అని కొన్ని కంపెనీలిచ్చే చిన్న మొత్తాలు, ఏళ్ల తరబడి చేసినవాళ్లకు పాయింట్ల లెక్కన వచ్చే పెన్షన్ లాంటివి, పన్ను రాయితీలు, అన్నీ ఇందులోకి వస్తాయి. పెన్సిల్వేనియాలో 2016 నాటి 172వ చట్టం ప్రకారం చురుకుగా పనిచేసే వాలంటీర్లకు టౌన్‌షిప్పులు పన్నులో రాయితీ ఇవ్వొచ్చు. మంచి పథకమే, కానీ హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకునే ముందు లాయర్ని అడగాలి. పగలు అదే పని జీతానికి చేసేవాళ్లున్న కంపెనీ అయితే తప్పకుండా అడగండి. "నాకు ఏ రకమైన చెల్లింపూ వద్దు" అని కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ దగ్గర పెట్టుకోండి. లాయరు జవాబు కూడా ఈమెయిల్లోనే తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఏం పర్లేదు బ్రో" అన్నది జవాబు కాదు.

లాయరు వద్దంటే దారులు మూసుకుపోయినట్టు కాదు. సర్ట్ అని ఊరివాళ్లకిచ్చే విపత్తు శిక్షణ ఉంది, సుమారు 20 గంటలు, ఎక్కువగా ఉచితం. రెడ్‌క్రాస్ ఉంది. ఫైర్ కంపెనీలోనే అంబులెన్స్ ఎక్కకుండా లెక్కలు, వెబ్‌సైటు, విరాళాల పనులు చూసే సభ్యులూ ఉంటారు. అయితే వాటికీ ఒకసారి అదే ప్రశ్న అడిగించుకోండి.

3. ఇంట్లో చెప్పండి

"వారానికి ఒక్క రాత్రే" అని చెప్పి ఊరుకోకండి. డ్యూటీ సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా ఉండొచ్చని, శనివారం సత్యనారాయణ వ్రతానికి మీరు రాలేకపోవచ్చని, మర్నాడు పిల్లల్ని బస్సు దగ్గర ఎవరు దింపాలో ముందే అనుకోవాలని విడమర్చి చెప్పండి. ఈ మాటలు కోర్సు మధ్యలో చెప్తే టెన్షన్. మొదట్లోనే చెప్తే ఒక మామూలు ఏర్పాటు.

4. దరఖాస్తు, పరీక్షలు, టీకాలు

దరఖాస్తు ఇచ్చాక నెలవారీ మీటింగులో పేరు చదివి ఓటేస్తారు. ఇది చాలావరకు లాంఛనమే, కానీ మీటింగు తప్పిపోతే ఇంకో నెల ఆగాలి. నేరచరిత్ర తనిఖీ ఉంటుంది. పెన్సిల్వేనియాలో పిల్లలతో సంబంధం ఉండే వాలంటీర్ పనులకు మూడు క్లియరెన్సులు అడుగుతారు: రాష్ట్ర పోలీసులది, పిల్లల వేధింపుల రికార్డుకు సంబంధించినది, వేలిముద్రలతో ఎఫ్‌బీఐది. గత పదేళ్లుగా ఈ రాష్ట్రంలోనే ఉన్న వాలంటీర్లకు మూడోదాని నుంచి మినహాయింపు ఉంది. మనలో ఎక్కువమంది ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారినవాళ్లమే కాబట్టి వేలిముద్రలకి సిద్ధంగా ఉండండి.

టీబీ పరీక్ష దగ్గర కాస్త ఆగండి. మనకి చిన్నప్పుడు భుజం మీద బీసీజీ టీకా వేశారు. దానివల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్షలో జబ్బు లేకపోయినా చేయి ఉబ్బి పాజిటివ్ అని రావొచ్చు. ఆపైన ఎక్స్‌రేలు, మందుల ప్రస్తావన, నెలల ఆలస్యం. మొదట్లోనే "నాకు బీసీజీ వేశారు, రక్తపరీక్ష చేయండి" అని అడగండి. ఆ రక్తపరీక్షకు బీసీజీ అడ్డురాదు.

తట్టు, ఆటలమ్మ టీకాల కాగితాలు ఏ ఊరి ట్రంకుపెట్టెలోనో ఉంటాయి, లేదా ఉండవు. వాటికోసం ఇంటికి ఫోన్ చేసి అమ్మని హైరానా పెట్టకండి. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష చేయించుకుంటే చాలు. హెపటైటిస్ బి టీకా వేసుకోకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. మామూలు పద్ధతిలో మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది.

5. కోర్సు కన్నా ముందు బండి ఎక్కండి

సర్టిఫికెట్ వచ్చాకే చేరదామనుకునేవాళ్లు చాలామంది. తలకిందులు పద్ధతి. ముందు చేరండి. చాలా కంపెనీలు కొత్త సభ్యుల్ని చూడటానికి వెంట తీసుకెళ్తాయి. రెండు మూడు రాత్రులు వెనక సీట్లో కూర్చుంటే ఈ పని మీకు పడుతుందో లేదో తేలిపోతుంది. సైరన్లూ రక్తాలూ ఊహించుకుని వస్తారు. ఎక్కువ కాల్స్ అలా ఉండవు. మంచం మీంచి జారిపడ్డ పెద్దాయన, షుగర్ పడిపోయిన ఆవిడ, మూడు రోజులుగా ఆయాసం ఉన్నా ఎవరికీ చెప్పని మనిషి, ఇలాంటివే. మాట్లాడటం, ఎత్తడం, రాయడం, తుడవడం: మా పనిలో ముప్పావు వంతు ఇదే.

ఈ రోజుల్లో మీరు నేర్చుకోవలసింది బండి. ఏ అరలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. షిఫ్టు మొదట్లో చేసే తనిఖీ మీకే ఇవ్వమని అడగండి. ఆక్సిజన్ సిలిండరు నిండుగా ఉంటే ముల్లు 2000 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. 500కి దిగితే మా దగ్గర మార్చేస్తాం. సక్షన్ యంత్రం (పేషెంటు నోట్లో చేరిన ద్రవాల్ని లాగేది) ఆన్ చేసి గొట్టం చివర వేలు పెట్టి లాగుతోందో లేదో చూడాలి. ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) ప్యాడ్ల గడువు తేదీ చదవాలి. స్ట్రెచర్‌ని ఖాళీగా పదిసార్లు బండిలోకి ఎక్కించి దింపాలి. తర్వాత పడుకోబెట్టడానికి ఒక సభ్యుణ్ని బతిమాలుకోవాలి.

6. కోర్సు

సుమారు 150 నుంచి 200 గంటలు, ఒక్కోచోట ఇంకొంచెం ఎక్కువ. కమ్యూనిటీ కాలేజీల్లో, ఫైర్ ట్రైనింగ్ సెంటర్లలో, ఆస్పత్రుల్లో చెప్తారు. సాయంత్రం క్లాసులైతే నాలుగైదు నెలలు పడుతుంది. థియరీ ఆన్‌లైన్లో, ప్రాక్టీసు క్లాసులో ఉండేవీ ఉన్నాయి. మూడు నాలుగు వారాల్లో ముగించే క్యాంపులూ ఉన్నాయి. సెలవు పెట్టగలిగితే అవీ పనిచేస్తాయి. నా సలహా మాత్రం నెమ్మదిగా సాగేదే. క్లాసులో చెప్పింది ఆ వారమే బండిలో చూస్తే మనసులో నిలుస్తుంది.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి ఊపిరి అందించడం) సర్టిఫికెట్ ముందే ఉండాలి, లేదా కోర్సు మొదటి వారంలో ఇస్తారు. ఆరోగ్య సిబ్బంది కోసం ఉన్న కోర్సే తీసుకోండి, మామూలు జనానికి చెప్పేది చెల్లదు. పెద్దవాళ్లకైతే నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, కనీసం 2 అంగుళాల లోతు, 30 నొక్కులకు 2 ఊపిర్లు. కొత్తవాళ్లు లోతు గురించే ఆలోచిస్తారు. నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి రానివ్వకపోవడం అంతే పెద్ద తప్పు.

మా బ్యాచ్‌లో మొదటి నెలలోనే కుర్చీలు ఖాళీ కావడం మొదలైంది. ఎముకల పేర్లకు భయపడి కాదు. ఆఫీసు రిలీజులతో క్లాసులు తప్పి గంటలు సరిపోక. ఎన్ని గంటలు తప్పితే కోర్సులోంచి తీసేస్తారో మొదటి రోజే అడిగి క్యాలెండర్లో రాసుకోండి.

7. బీపీ చెవితో చూడటం నేర్చుకోండి

యంత్రం ఉందిగా అంటారు. ఉంది. బండి కదులుతున్నప్పుడు, పేషెంటు వణుకుతున్నప్పుడు, బీపీ బాగా పడిపోయినప్పుడు యంత్రం తప్పు చెప్తుంది, లేదా ఏమీ చెప్పదు. సరిగ్గా కావలసినప్పుడే.

చొక్కా చేయి పైకి మడవండి. మరీ బిగుతైతే తీయించండి. స్వెటర్ మీద పట్టీ కట్టడం చలికాలపు బద్ధకం. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు వేళ్ల పైన ఉండాలి. ఇప్పుడు మోచేతి మడత లోపల, చిటికెన వేలి వైపుగా నాడి వెతకండి. దొరికేదాకా వెతకండి, అర నిమిషం పట్టినా సరే. స్టెత్ అక్కడే పెట్టాలి. చెవిలో పెట్టుకునే కొనలు ముక్కు వైపుకి తిరిగి ఉండాలి. వెనక్కి తిప్పి పెట్టుకుని "ఏం వినపడట్లేదు" అనేవాళ్లని ప్రతి బ్యాచ్‌లో చూస్తాను. ఇంకో చేత్తో మణికట్టు నాడి పట్టుకుని గాలి కొట్టండి. నాడి ఆగిపోయిన చోటినుంచి మరో 30 పైకి పోనివ్వండి. ఆపైన సెకనుకి రెండు మూడు గీతల చొప్పున వదలండి. మొదటి టక్ పై అంకె. చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె.

నడుస్తున్న బండిలో ఇంకో చిట్కా: మీ మడమలు నేల మీంచి కాస్త పైకెత్తండి, లేదా పాదాలు స్ట్రెచర్ కడ్డీ మీద పెట్టండి. రోడ్డు అదురు మీ కాళ్లలోంచి స్టెత్‌లోకి రావడం తగ్గుతుంది. అప్పటికీ వినపడకపోతే మణికట్టు నాడితో పై అంకె ఒక్కటే చూసి, అలా చూశానని చెప్పి రాయండి. గాలి వదులుతుండగా నాడి మళ్లీ తగిలిన చోటే ఆ అంకె.

అసలు హెచ్చరిక ఇది. నా మొదటి నెలల్లో ఒక రాత్రి ఎంత చెవి పెట్టినా నాకేమీ వినపడలేదు. పక్కన పారామెడిక్ "ఎంత?" అన్నారు. ముందు చూసిన అంకెకి దగ్గరగా ఉండేలా "130 బై 80" అనేశాను. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసి, తనే స్టెత్ పెట్టి చూశారు. పై అంకె 92. నన్నేమీ అనలేదు. ఆస్పత్రిలో స్ట్రెచర్ తుడుస్తున్నప్పుడు మాత్రం, "వినపడకపోతే వినపడలేదను, నాకు అది చాలు" అన్నారు. అప్పటినుంచీ కొత్తగా వచ్చినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. కొలవని అంకె నోట్లోంచి రానివ్వకండి. ఊపిరి లెక్క కూడా అంతే. చూడకుండానే అందరికీ 16 అని రాసేయడం మా వృత్తిలో పాత జబ్బు. వాచీ చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు.

8. పరీక్ష

కోర్సు చివర స్కిల్స్ పరీక్ష ఉంటుంది, తర్వాత నేషనల్ రిజిస్ట్రీ (ఈఎంటీలకి దేశస్థాయి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) కంప్యూటర్ పరీక్ష. ఫీజు సుమారు 100 డాలర్లు. 70 నుంచి 120 ప్రశ్నలు, రెండు గంటలు. మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. వెనక్కి వెళ్లి దిద్దడం కుదరదు. 70 దగ్గర తెర ఆగిపోతే పాసయినట్టూ కాదు, ఫెయిలయినట్టూ కాదు, కంప్యూటరుకి మీ సంగతి తేలిపోయిందంతే. పార్కింగ్‌లో కూర్చుని లెక్కలు వేసుకోకండి.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎంసెట్ అలవాటు పోక వేల ప్రశ్నల బ్యాంకులు బట్టీ పడతారు. ఈ పరీక్షలో నాలుగు జవాబులూ సరైనవే అనిపిస్తాయి. అడిగేది "ముందు ఏం చేస్తారు?" అని. చోటు క్షేమంగా ఉందా, గాలి దారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్తం కారుతోందా అన్న వరస గట్టిగా పట్టుకోండి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం రాసుకోండి.

తప్పితే 15 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. మూడుసార్లు తప్పితే అదనపు శిక్షణ తీసుకుని ఇంకో మూడుసార్లు రాయొచ్చు. పాసయ్యాక రాష్ట్రం నుంచి సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగాలి. రిజిస్ట్రీ కార్డు ఒక్కటే ఉంటే పేషెంటుని ముట్టుకునే హక్కు రాదు.

9. మొదటి నెలలు

ముగ్గురిలో మూడో మనిషిగా మొదలుపెడతారు. డ్రైవింగ్‌కి వేరే కోర్సు, వేరే అనుమతి ఉంటాయి. తొందరపడకండి. ఈ దశలో మీ చేతిలో ఉండే మందులు కొన్నే: ఆక్సిజన్, షుగర్ జెల్, ఆస్పిరిన్, ఓవర్‌డోస్‌కి నలోక్సోన్, తీవ్రమైన ఎలర్జీకి ఎపినెఫ్రిన్, ఇలాంటివి. అదీ మీ రాష్ట్ర ప్రోటోకాల్ ఒప్పుకున్నంత మేరకే. రెండు తప్పులు పదే పదే చూస్తాను. ఆక్సిజన్ మాస్కుకి వేలాడే సంచి నిండకుండానే ముఖానికి పెట్టడం. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో షుగర్ జెల్ పెట్టడం. మింగగలిగేవాళ్లకే జెల్.

తెలుగు పేషెంటు ఎదురైనప్పుడు

వేసవిలో అమ్మానాన్నలు వస్తారు. వాళ్లతో బీపీ, షుగరూ వస్తాయి. అప్పుడు బండిలో తెలుగు తెలిసినవాళ్లుంటే ఎంత తేడానో నేను చూశాను. అయితే భాష తెలియడం వల్లే చేసే పొరపాటు ఒకటుంది.

"ఏమైందమ్మా?" అంటే "ఏం లేదు నాయనా, గ్యాసు పట్టేసింది" అంటారు. మనం పుట్టి పెరిగిన మాట అది. వెంటనే "గ్యాస్" అని రాసేస్తాం. అలా రాయకండి. "ఎక్కడమ్మా, చూపించండి" అనండి. చెయ్యి పొట్ట మీద పెడతారా, గుండె మధ్యలో పెడతారా, ఎడమ భుజం మీదికి పోతుందా చూడండి. చెమటలు పట్టాయా, మెట్లెక్కితే ఎక్కువైందా, ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు ఇలాగే ఉందా అని అడగండి. రిపోర్టులో "గుండె మధ్య బరువుగా ఉందని చేత్తో చూపించారు, పేషెంటు మాటల్లో గ్యాస్" అని రాయండి. "కళ్లు తిరుగుతున్నాయి", "నీరసం", "ఒళ్లు తూలుతోంది" అన్నవాటికీ ఇదే పద్ధతి. ఒక్క మాటకి ఒక్క ఇంగ్లిష్ మాట పెట్టి ముగించకుండా ఏం జరిగిందో చెప్పించండి.

మందుల డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్లండి. అక్కడి బ్రాండ్లు ఇక్కడి నర్సులకి తెలియవు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్, డోలో 650 ఇక్కడి టైలెనాల్‌లో ఉండే మందే. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ మాత్ర పెట్టుకున్నారేమో ప్రత్యేకంగా అడగండి. అది బీపీని దించుతుంది కాబట్టి ఎప్పుడు, ఎన్ని వేసుకున్నారో పారామెడిక్‌కి వెంటనే చెప్పాలి. బ్రాండ్ పేరు గుర్తుపట్టకపోతే అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవండి. గుర్తున్నట్టు చెప్పేయకండి.

కొడుకు తల్లి బదులు జవాబులు చెప్తుంటే అతనికో పని అప్పగించండి. పాస్‌పోర్టు, ఇన్సూరెన్స్ కాగితాలు తెమ్మనండి. అతను పైకి వెళ్లిన రెండు నిమిషాల్లో ఆవిడ అసలు సంగతి చెప్తారు.

ఇంకోటి, మరీ ముఖ్యం. మర్నాడు గుళ్లోనో దేశీ స్టోర్లోనో ఎవరో అడుగుతారు: "రాత్రి వాళ్లింటికి అంబులెన్స్ వచ్చిందట, మీరే వెళ్లారా?" జవాబు "నేనేమీ చెప్పలేనండీ". అవునని కూడా అనకూడదు. పేషెంటు వివరాలు బయటపెట్టడం ఇక్కడ చట్టరీత్యా తప్పు. ఇంట్లో భార్యకో భర్తకో చెప్పడం కూడా బయటపెట్టడమే. మన సంఘం చిన్నది. పేరు చెప్పకపోయినా వీధి పేరు చాలు, పోల్చేస్తారు.

సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

– వారానికోసారి యంత్రంతో చూసేముందు చెవితో బీపీ చూసి కాగితం మీద రాయండి. తర్వాత యంత్రం పెట్టండి. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే చెవి కుదిరినట్టే. తేడా పెద్దగా ఉంటే పట్టీ సైజు, గాలి వదిలే వేగం చూసుకోండి. శిక్షకుల దగ్గర ఇద్దరు ఒకేసారి వినే రెండు జతల స్టెత్ ఉంటుంది. దాంతో ఒక సాయంత్రం కూర్చుంటే తప్పెక్కడో దొరికిపోతుంది.
– మీ రిపోర్టు ఇంకో ఈఎంటీకి ఇచ్చి చదవమనండి. పేషెంటుని చూడకుండానే ఏం జరిగిందో వాళ్లు తిరిగి చెప్పగలిగితే రిపోర్టు బాగున్నట్టు.
– ఆస్పత్రిలో నర్సుకి అప్పగించేటప్పుడు నిమిషంలో చెప్పగలుగుతున్నారా? వయసు, ఏమైంది, ఎప్పటినుంచి, అంకెలు, మీరేం చేశారు. నర్సు అదే ప్రశ్న తిరిగి అడిగారంటే మీరది వదిలేశారన్నమాట.
– కాల్ అయ్యాక సీనియర్‌ని "ఎలా చేశాను?" అని అడగకండి. "బాగానే" అంటారు. "ఇంకోసారి వస్తే ఏది వేరేగా చేయమంటారు?" అని అడగండి.

ఒక కాల్ తర్వాత రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే చీఫ్‌కి చెప్పండి. చాలాచోట్ల దీనికోసం మాట్లాడే మనుషులుంటారు. పిల్లల కాల్స్ తర్వాత నేనూ వాళ్ల దగ్గర కూర్చున్నాను.

ఇక రెన్యువల్. రిజిస్ట్రీ కార్డు రెండేళ్లకోసారి, 40 గంటల శిక్షణ చూపించి మార్చుకోవాలి. స్టేషన్లో జరిగే క్లాసులు చాలావరకు లెక్కలోకి వస్తాయి, కానీ సర్టిఫికెట్లు దాచుకోవాల్సింది మీరే. క్లాసు అయిన రోజు రాత్రే ఫోటో తీసి ఒక ఫోల్డర్లో వేసేయండి. గడువు తేదీ మార్చి 31. సరిగ్గా ట్యాక్సుల కాగితాలు వెతుక్కునే రోజుల్లో పడుతుంది కాబట్టి సంక్రాంతి లోపే కానిచ్చేయండి.